చదువుకూ కొలువుకూ నడుమ ఒక ఏడాది: పల్నాటి క్రైస్తవ యువత నాయకత్వ శిక్షణ

బడి చదువు ముగించిన యువతీయువకులు వెంటనే కాలేజీలో చేరకుండా ఏడాదిపాటు ఒకచోట కలిసి ఉంటారు. బైబిలు చదువుతారు, చేతిపనులు చేస్తారు, ఊళ్లకు వెళ్లి సేవ చేస్తారు, పదిమందిని కలుపుకొని నడిచే నేర్పు అలవరచుకుంటారు. క్రైస్తవ నాయకత్వ శిక్షణ సంవత్సరం అంటే స్థూలంగా ఇదే. ఇంటిపట్టునే చదువుకున్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇలాంటి శిక్షణలు నడపడం అమెరికాలో బలపడిన ఆచారం. పల్నాడులో మాత్రం ఈ పనిని పందొమ్మిదో శతాబ్దం నుంచీ మిషను బడులు, బోర్డింగులు, ఉపదేశకుల తరగతులు, సంఘ కూడికలు కలిసి చేస్తూ వచ్చాయి. గురజాల, నరసరావుపేట, వినుకొండ ప్రాంతాల చరిత్ర చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడ బాధ్యత అప్పగించిన తర్వాతే నాయకులు తయారయ్యారు. తరగతి గది పాఠం ఆ బాధ్యతకు తోడుగా నిలిచింది.

బయటి ప్రపంచంలో ఈ పద్ధతి

అమెరికాలో 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ పిల్లలకు ఇంటి దగ్గర చదువు చెప్పుకోవడం చట్టబద్ధమైంది. ఆ దేశ విద్యా గణాంక సంస్థ అంచనా ప్రకారం 2016లో సుమారు 17 లక్షల మంది పిల్లలు ఇలా చదువుకున్నారు. వారిలో క్రైస్తవ కుటుంబాల పిల్లలు గణనీయంగా ఉండేవారు. తల్లిదండ్రులే గురువులైన ఈ పిల్లలకు పుస్తకజ్ఞానం బాగానే అబ్బినా, ఇల్లు దాటి తమ ఈడువారితో కలిసి పనిచేసే సందర్భాలు తక్కువ. ఆ వెలితి పూరించడానికే శిబిరాలూ ఏడాది శిక్షణలూ పుట్టుకొచ్చాయి. 1994లో జార్జియా రాష్ట్రంలో మొదలైన టీన్‌పాక్ట్ ఇంటి చదువుల పిల్లలను రాష్ట్ర శాసనసభలకు తీసుకెళ్లి పరిపాలన నేర్పించింది. అదే రాష్ట్రంలోని ఇంపాక్ట్ 360 సంస్థ బడి ముగించినవారికి తొమ్మిది నెలల వసతి శిక్షణ ఇస్తోంది.

వీటికి ముందే బాట వేసినవారు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మేజర్ ఇయాన్ థామస్ ఇంగ్లండులోని కేపర్న్‌రే భవనంలో జర్మన్ యువకులను సైతం చేర్చుకుని బైబిలు శిక్షణ మొదలుపెట్టాడు. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ స్థాపించిన యూత్ విత్ ఎ మిషన్ సంస్థ తర్వాతి కాలంలో శిష్యరిక పాఠశాలను రూపొందించింది. దానిలో సుమారు మూడు నెలలు పాఠాలు, ఆపై రెండు మూడు నెలలు క్షేత్రసేవ. పాఠం సగం, పని సగం అనే ఈ కొలత అనేక శిక్షణలకు నమూనా అయింది.

గురజాలకు వచ్చిన ఫాదర్ హయ్యర్

పల్నాడులో ప్రొటెస్టెంటు సంఘాల కథ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌తో మొదలవుతుంది. ఆయన 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, పిల్లవాడిగానే అమెరికా చేరాడు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన తొలి మిషనరీగా 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 49. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. మూడేళ్లకు హయ్యర్ అమెరికా తిరిగి వెళ్లి వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1840ల చివర పల్నాడు మీద దృష్టి నిలిపి గురజాలను తన కేంద్రం చేసుకున్నాడు. తెలుగునాట ఆయన పేరు నేటికీ ఫాదర్ హయ్యరే.

పల్నాడు అప్పుడు మెట్టనేల. నాగార్జునసాగర్ కాలువ నీరు రావడానికి ఇంకా వందేళ్లకు పైగా ఉంది. ఎండాకాలం ప్రయాణమే పరీక్ష. ఒక్క మిషనరీ అన్ని పల్లెలనూ చూసుకోవడం అసాధ్యం కనుక, ఏ ఊళ్లో నలుగురు చేరితే ఆ ఊళ్లో బడి పెట్టడం, బడి చెప్పే మనిషికే ఆరాధన నడిపే పని అప్పగించడం ఆచారమైంది. పగలు పొలం పనులకు వెళ్లే పిల్లలకు రాత్రిపూట దీపం వెలుగులో అక్షరాలు నేర్పేవారు. మాలపల్లెలు, మాదిగపల్లెల పిల్లలకు ఊరి బడి తలుపులు మూసి ఉన్న రోజుల్లో, తమ వాడల్లోనే చదువుకునే వీలు ఈ ఏర్పాటు వల్ల కలిగింది.

అక్కడ బడిపంతులూ ఉపదేశకుడూ ఒకరే. జబ్బుచేస్తే మందు ఇప్పించేవాడూ, అర్జీ రాసిపెట్టేవాడూ, తగాదా తీర్చేవాడూ ఆయనే. పల్నాటి సంఘాల్లో నాయకత్వం అంటే మొదటినుంచీ ఈ పనులన్నిటి కలయిక.

హయ్యర్ 1857లో అమెరికా వెళ్లిపోయినా, 1869లో రాజమండ్రి మిషను చేతులు మారే స్థితి వచ్చినప్పుడు 76 ఏళ్ల వయసులో మళ్లీ బయలుదేరాడు. పనిని తర్వాతి తరానికి అప్పజెప్పి 1871లో వెనుదిరిగాడు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో స్వతంత్ర సంఘంగా ఏర్పడినప్పుడు దానికి ఆధారమైనవి ఇలాంటి పల్లె బడులూ, వాటిని నడిపిన తెలుగు ఉపదేశకులే.

కాలువ గట్టున నేర్చిన పెద్దరికం

పల్నాడు దక్షిణ భాగానికి బాప్టిస్టుల ప్రభావం ఒంగోలు వైపు నుంచి వచ్చింది. బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లో 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. తాళ్లకొండపాడుకు చెందిన తోలు వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య ఆ ఏడాదే బాప్తిస్మం పొందాడు. క్రైస్తవుడు కాకముందే ఆయన రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. ఏ బడీ ఇవ్వని ఆధ్యాత్మిక శిక్షణ ఆయనకు ఇంటా బయటా గురువుల నోటినుంచి అందింది. ఆయన మాట విని వందలమంది మాదిగలు కొత్త మార్గంలోకి వచ్చారు.

1876-78 కరవు ఈ సంఘాల నాయకత్వానికి అసలైన పాఠశాల అయింది. సర్వేపని తెలిసిన క్లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి దొరికేలా చేశాడు. బోధకులను తవ్వకం ముఠాల మీద మేస్త్రీలుగా నిలబెట్టాడు. పని పంచడం, లెక్క రాయడం, కూలి చెల్లించడం, బలహీనులను కాచుకోవడం వాళ్లు గట్టుమీదే నేర్చుకున్నారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు.

ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో నిలిచింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆ కార్యాన్ని ముగించారు. క్లో గట్టునే ఉన్నాడు. పెద్దవాడు పక్కకు తప్పుకుని చిన్నవాళ్ల చేతికి పని ఇవ్వడం ఎలా ఉంటుందో చూపడానికి తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

క్లో మరో పద్ధతి కూడా పాదుకొల్పాడు. మూడు నెలలకొకసారి బోధకులంతా ఒంగోలులో కలిసేవారు. ఎవరి పల్లెల సంగతి వారు చెప్పేవారు, కష్టాలు పంచుకునేవారు, కొత్త పాఠం నేర్చుకుని మళ్లీ తమ ఊళ్లకు వెళ్లేవారు. 1872లో ఆరంభమైన రామాయపట్నం వేదాంత పాఠశాల దీనికి తోడైంది. 1883లో ఒంగోలు క్షేత్రాన్ని విడదీసినప్పుడు నరసరావుపేట, వినుకొండ, బాపట్ల, కంభం వేరు కేంద్రాలయ్యాయి. తర్వాత గురజాలలోనూ బాప్టిస్టు కేంద్రం వెలిసింది. మిషను బోర్డింగులో చదివాడంటే పల్నాటి పల్లెల్లో ఒక గుర్తింపు. ఇల్లు విడిచి పదిమందితో ఉండటం, వంతులవారీగా వంటా శుభ్రమూ చూసుకోవడం, పెందరాళే లేచి ప్రార్థన నడపడం అక్కడ అలవాటయ్యేవి.

ఒకే బంతి

పల్నాటి ప్రజలకు కలిసి తినడం విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. మాచర్లలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. క్రైస్తవ బోర్డింగులు, శిక్షణాలయాల్లో మాల, మాదిగ, యానాది, శూద్ర కులాల పిల్లలు ఒకే బంతిలో కూర్చోవడం ఆ స్మృతి ఉన్న నేలమీదే జరిగింది. అయితే సంఘాల్లోనూ కులం పూర్తిగా చావలేదు. మాలల చర్చి, మాదిగల చర్చి అని వేరుపడిన ఊళ్లు ఉన్నాయి. ఏడాదిపాటు ఒకే గదిలో పడుకుని, ఒకే కుండలో వండుకు తిన్న యువకులు తిరిగివెళ్లి ఆ గోడను కదిలించగలరన్న ఆశే ఇలాంటి శిక్షణకు పల్నాడులో ఉన్న అతిపెద్ద సమర్థన.

జాషువా ఎక్కిన మెట్లు

ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టిన గుఱ్ఱం జాషువా జీవితం ఈ చరిత్రకు దగ్గరి సాక్ష్యం. తల్లిదండ్రులు వేర్వేరు కులాలవారు. చిన్నప్పుడే అవమానాలు ఎదురయ్యాయి. యౌవనంలో మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేరాడు. ఆ ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశాడు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లపాటు బోధించాడు. పల్లె బడులకు పంతుళ్లను తయారుచేసే చోట వినుకొండ బిడ్డ అధ్యాపకుడయ్యాడు.

సాహిత్య అకాడమీ ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో పురస్కారం ఇచ్చింది. దానికి చాలా ముందే, 1941లో, ‘గబ్బిలం’ తెలుగు సమాజం ముందు దళితుడి వేదనను నిలబెట్టింది. బడి చెప్పడం, సభలో నిలబడి మాట్లాడటం, చూసినదాన్ని నిర్భయంగా పలకడం ఆయన ఏ ఒక్క సంస్థలోనో నేర్వలేదు. చదువుకూ స్థిరమైన కొలువుకూ మధ్య గడిచిన ఆ ఒడిదుడుకుల ఏళ్లే ఆయనను తీర్చిదిద్దాయి.

స్త్రీలు, దంపతులు

నాయకత్వ శిక్షణ మగపిల్లలకే పరిమితం కాలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యసేవ చుట్టూ నర్సులు, బైబిలు స్త్రీలు తయారయ్యారు. రాజమండ్రిలోని షార్లెట్ స్వెన్సన్ స్మారక బైబిలు శిక్షణ పాఠశాల లూథరన్ సంఘాల కోసం స్త్రీలకు ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చింది. ఘోషాలో ఉన్న స్త్రీల ఇళ్లకు మగ బోధకులు వెళ్లలేని కాలంలో అక్షరం, ఆరోగ్యం, ప్రార్థన కలిపి తీసుకెళ్లినవారు బైబిలు స్త్రీలే.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌లో మరో అడుగు వేశాడు. పల్లెకు వెళ్లే పంతులుకు శిక్షణ ఇస్తే సరిపోదని, భార్యకూ ఇవ్వాలని పట్టుబట్టాడు. సంఘంలోని సామాన్యులంతా ఏడాదికొకసారి ఇరుగుపొరుగు ఊళ్లకు వెళ్లే సాక్ష్య వారాన్ని ప్రోత్సహించాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీలు స్థానిక క్రైస్తవులతో స్నేహితుల్లా మెలగాలని అడిగింది కూడా ఆయనే. నేడు పల్నాడుకు సేవాయాత్రలకు వచ్చే ప్రతి బయటి బృందానికీ ఆ మాట వర్తిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దపు కొత్త దారులు

పంజాబులో 1903లో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో హెబ్రోను అనే సహవాస కేంద్రాన్ని స్థాపించాడు. అక్కడ పట్టాలు లేవు, పరీక్షలు లేవు. సేవకు రావాలనుకున్న యువకులు వచ్చి ఉంటారు, కూరగాయలు తరుగుతారు, గదులు ఊడుస్తారు, వాక్యం వింటారు, వీధి ఊరేగింపుల్లో నడుస్తారు. ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కలిసి ప్రేమవిందు తింటారు. ఆయన సహవాసాలు ఆంధ్ర పల్లెల్లోకి విస్తరించడానికి ఈ ఆడంబరం లేని శిక్షణే కారణం. 2000 సెప్టెంబరు 17న ఆయన మరణించేనాటికి అది అర్ధశతాబ్దపు అనుభవం.

కాలేజీ విద్యార్థుల్లో 1954లో ఏర్పడిన క్రైస్తవ విద్యార్థి సమాఖ్య యు.ఇ.ఎస్.ఐ. విద్యార్థులే విద్యార్థులను నడిపే పద్ధతి తెచ్చింది. హాస్టలు గదిలో చిన్న ప్రార్థన కూడిక, సెలవుల్లో శిబిరం, చదువు ముగించాక పట్టభద్రుల సహవాసం దాని మూడు మెట్లు. జార్జ్ వెర్వర్ నాయకత్వంలోని ఆపరేషన్ మొబిలైజేషన్ 1960ల నుంచి యువకులను ఏడాదీ రెండేళ్లకు లారీల్లో ఊరూరా పుస్తకాలతో పంపింది. తర్వాత హైదరాబాదు దాని భారత కేంద్రమైంది. రోడ్డు పక్క వండుకోవడం, తెలియని ఊళ్లో పుస్తకాలు అమ్మడం, రాత్రికి లెక్క చూపడం ఆ బృందాల దినచర్య. ఈ రోజుల్లో అంటున్న గ్యాప్ ఇయర్‌కు తెలుగునాట కనిపించే అతి దగ్గరి రూపం ఇదే.

ఉన్న ఊరు వదల్లేనివారికి 1971లో మొదలైన టాఫ్‌టీ వంటి సంస్థల వేదాంత విస్తరణ పాఠాలు వచ్చాయి. వేదాంత పట్టా కావాలనుకునేవారికి 1964లో ప్రధాన ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి స్థాపించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది.

ఇంటి చదువు, లాంగ్ టర్మ్

భారతదేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిని హక్కుగా చేసింది. ఇంటి దగ్గర చదివిన పిల్లలు గుర్తింపు పొందిన పరీక్ష రాయాలంటే సాధారణంగా 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థను గానీ, 1991లో ఏర్పడిన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠాన్ని గానీ ఆశ్రయిస్తారు. పల్నాడులో సార్వత్రిక పది, ఇంటర్ రాసేవారి నేపథ్యం అమెరికా ఇంటి చదువుల పిల్లల నేపథ్యానికి చాలా దూరం. మిరపకోతలకు తల్లిదండ్రుల వెంట వెళ్లి బడి మానేసినవాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరా మాచర్ల నాపరాతి గనుల దగ్గరా పనికి కుదిరినవాళ్లు, చిన్నవయసులో పెళ్లయిన ఆడపిల్లలు ఈ దారిలో మళ్లీ చదువుకు వస్తారు. క్రైస్తవ నాయకత్వ శిక్షణ పల్నాడులో న్యాయంగా ఉండాలంటే మొదట తలుపు తెరవవలసింది వీళ్లకే.

ఇక మధ్యతరగతి ఇళ్లలో ఇంటర్ తర్వాత ఖాళీ ఏడాది అంటే ఒకటే అర్థం, నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్. గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో ఉదయం నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లతో గడిచే ఆ ఏడాది ర్యాంకు కోసం. ఒక ఏడాదిని చదువుకు ఇవ్వడానికి వెనకాడని కుటుంబాలు, స్వభావ నిర్మాణానికి ఇవ్వమంటే భయపడటం సహజమే. ఆ భయాన్ని తీసిపారేయకుండా జవాబు చెప్పడం సంఘాల బాధ్యత.

ఏడాది ఎలా సాగాలి

పల్నాటి సంఘాల క్యాలెండరులోనే ఈ శిక్షణకు కావలసిన పాఠ్యక్రమం చాలావరకు ఉంది. జూన్, జూలైలలో పుస్తకపఠనం, బైబిలు పరిచయం, తెలుగులో తప్పుల్లేకుండా రాయడం, మాట్లాడటం నేర్పవచ్చు. వర్షాకాలంలో మిరపనారు నాట్ల వేళ పొలం పనిలో చేయి కలపడం వల్ల రైతు అప్పు, కౌలు, కూలిరేటు కళ్లముందుకు వస్తాయి. కోత పండుగకు వచ్చే కానుకల వేలం నడిపితే జమాఖర్చులు అర్థమవుతాయి. స్త్రీల సమాజం ఇంటింటా పోగుచేసే పిడికెడు బియ్యం లెక్క రాయడమూ ఆ పాఠంలో భాగమే. డిసెంబరులో సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు, క్వయరు, నాటికలు బృందాన్ని నడిపే పరీక్షలు.

జనవరి నుంచి మిరపకోతలు. వలస కూలీల పిల్లలకు కళ్లం దగ్గరే సాయంత్రపు బడి నడపడం ఈ ప్రాంతంలో అన్నిటికన్నా అవసరమైన సేవ. శ్రమకాలంలో ఇంటింటి కూడికలు ఉంటాయి. శుభ శుక్రవారం సిలువలోని ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. వాటిలో ఒక మాట యువకుడికో యువతికో ఇచ్చే సంఘాలు తమ రేపటి పెద్దలను అక్కడే తయారుచేసుకుంటున్నాయి. మే నెల సెలవుల బైబిలు బడి (వీబీఎస్) నాటికి శిక్షణ పొందినవారే పదిరోజుల పిల్లల బడిని సొంతంగా నిర్వహించగలగాలి.

ఈ ఏడాదంతా ఒక అనుభవజ్ఞుడి తోడు తప్పనిసరి. క్లో మూడు నెలల కూడికల్లాగే నెలకొకసారి చేసిన పని చెప్పుకుని, పొరపాట్లు దిద్దుకునే సమావేశం ఉండాలి. ఆడపిల్లలకు వేరు వసతి, ఫిర్యాదు చెప్పుకోవడానికి సంఘం బయటి మనిషి, వైద్య సదుపాయం ముందే ఏర్పాటు చేయాలి.

జాగ్రత్తలు

యువకుల సేవను జీతంలేని చాకిరీగా మార్చుకోవడం పెద్ద ప్రమాదం. సంఘకాపరి ఇంటి పనులు చేయించడం శిక్షణ కిందికి రాదు. విధేయత మాత్రమే నేర్పి ప్రశ్నించడం నేర్పకపోతే అనుచరులు తయారవుతారు, నాయకులు రారు. పక్క ఊరి హిందూ, ముస్లిం యువకులతో కలిసి చెరువు పూడిక తీయడం, రక్తదాన శిబిరం పెట్టడం కూడా పాఠ్యక్రమంలో భాగమైతేనే ఊరంతటికీ పనికొచ్చే మనుషులు వస్తారు.

చట్టపరమైన హద్దులూ ఉన్నాయి. విదేశీ నిధులు తీసుకునే సంస్థలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు అవసరం. టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయులు మతప్రచారం చేయకూడదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారిన దళితులు ఎస్సీ హోదాకు దూరమవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ కిందికి వస్తారు, ఆ వర్గానికి రిజర్వేషను 1 శాతం. శిక్షణకు వచ్చే పిల్లల కాలేజీ సీటు, స్కాలర్‌షిప్ కుల ధ్రువపత్రం మీదే ఆధారపడతాయి కనుక, నిర్వాహకులు ఈ సంగతి కుటుంబాలకు మొదటిరోజే విడమరచి చెప్పాలి.

తిరిగి కాలేజీకి

శిక్షణ ముగించి డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరేటప్పుడు కాలేజీలు ఖాళీ ఏడాదికి గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఇంటి దగ్గర చదివినవారు స్థానికత నిరూపించుకోవడానికి స్టడీ సర్టిఫికెట్లకు బదులు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం తహసీల్దారు నుంచి తెచ్చుకోవాలి. సార్వత్రిక ఇంటర్ మార్కుల జాబితా, టీసీ, ఆధార్ వివరాల్లో పేరు ఒకేలా ఉండేలా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తర్వాత కలెక్టరేటు పనులకు గుంటూరు వెళ్లే అవసరం తప్పింది. శిక్షణ నడిపే సంఘం ఏడాది మొదట్లోనే ఈ పత్రాలన్నీ సిద్ధం చేయించి, చివరి నెలలో దరఖాస్తులు పెట్టించే బాధ్యత కూడా తీసుకుంటే, తల్లిదండ్రులు తమ బిడ్డ ఏడాదిని ధైర్యంగా ఆ సంఘం చేతిలో పెట్టగలుగుతారు.